మూలనున్న మరక

సెంబవాంగ్,
సింగపూర్,
11 మే 2025

చిరంజీవి శాంతినికి అత్త ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌కి పంపిన బొమ్మ చూశాను. ఫోన్‌లో జవాబు ఇవ్వకపోవడం కావాలనే. ఈ ఫ్లాట్‌లో వంటింట్లో మాట్లాడినా హాల్లో మాట్లాడినా మీ నానమ్మ మంచం దాకా వినిపిస్తుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషికి అలాంటి సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే రాయి, తెలుగులో రాయి. ఆదివారం క్లాసులో నీ చేత గుణింతాలు దిద్దించింది నేనే. రాదని చెప్పకు.

ఆ మనిషి వీపు మీద గుండ్రంగా ఉన్నది తప్పెటా అని అడిగావు. తప్పెటే. మా తాత యర్రయ్య దాన్ని గుండెకి కట్టుకుని వాయిస్తూ ఆడేవాడట. యుద్ధం రోజుల్లో జపానువాళ్ళు మలయాలో మావాళ్ళుండే పేరాక్ ఎస్టేటుకి వచ్చి, సయాం దేశంలో రైలుపట్టాలు వెయ్యాలి, మూడు నెలల్లో పంపేస్తాం అని మగవాళ్ళను తీసుకుపోయారు. సాయంత్రాలు అక్కడ పాడుకోవచ్చుననుకుని ఆయన తప్పెటని వీపుకి కట్టుకున్నాడు. రైలెక్కే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడని మా అమ్మమ్మ ఈరమ్మ చెప్పేది. ఆ తర్వాత ఆయన రాలేదు. పోయాడని చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. అమ్మమ్మ చివరిదాకా బొట్టు తియ్యలేదు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. అప్పటికి రెండేళ్ళు నిండని మీ నానమ్మకి తండ్రి ముఖం ఎలా ఉంటుందో తెలియదు.

మహాలయ అమావాస్యకి మన ఇంట్లో ఏం చేస్తామో నీకు తెలుసు. పోయినవాళ్ళకి ఒకవైపు ఆకులు వేస్తాం. తాతకి మాత్రం బతికున్నవాళ్ళ వరుసలో కంచం పెడతాం. అలాంటి ఇంటి పిల్లవి నువ్వు, ఆ బొమ్మ తీసిన జపానాయన్ని మహానుభావుడని రాశావు. చావడానికి తీసుకుపోతున్న మనుషులను పక్కన నిలబడి బొమ్మ తీసినవాడు ఏ విధంగా మహానుభావుడయ్యాడో నాకు అర్థం కాలేదు.

నీ పని నీ ఇష్టం. అమ్మకి మాత్రం తెలియనివ్వకు.

అత్త
సూర్యకుమారి


టోక్యో,
24 మే 2025

అత్తకి నమస్కారాలు.

తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపించు, క్లాసులో పంపినట్టు.

ఆయన పేరు మినోబె సెయిజి. కాగితం గొడుగులు చేసేవాడి కొడుకు. పదిహేడేళ్ళకి ఒక సినిమా స్టూడియోలో దీపాలు మోసే పనికి చేరాడు. యుద్ధం వచ్చాక సైన్యం ఆయన చేతికి కెమెరా ఇచ్చి మలయాకి పంపింది. మా కూలీలు సంతోషంగా పనికి వెళ్తున్నారని లోకానికి చూపించడం ఆయన ఉద్యోగం. జపాను ఓడిపోయినప్పుడు తీసినవన్నీ కాల్చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. మిగతావి కాల్చాడు. ఒక చిన్న ముక్క మాత్రం కోసి కోటు లోపల కుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. నేను నీకు పంపింది ఆ ముక్కలోని బొమ్మే.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు సినిమాలు తీశాడు. వాటిలో వెళ్ళిపోయేవాళ్ళ వీపులే కనిపిస్తాయి. ఎవరూ వెనక్కి తిరగరు. ఒక పెద్ద నటి ఏడుపు ఆపుకోలేక తిరిగిందని ఆ రోజు పని అక్కడికక్కడే ఆపేసి, మర్నాడు వేరే నటిని పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. తాగేవాడు. చివరికి చెల్లెలి ఇంట్లో పోయాడు. పోయే ముందు ఒక్కసారే ఆ ముక్క గురించి మాట్లాడాడు. "వీపు మీద వాయిద్యమున్న ఒక మనిషి తిరిగి నా వైపు చూశాడు. నా చెయ్యి వణికింది. ఆ తర్వాత నా ముందు ఎవరినీ తిరగనివ్వడానికి నాకు ధైర్యం చాలలేదు" అన్నాడు.

నిజంగానే ఆయన తిరగగానే బొమ్మ అదురుతుంది అత్తా. ఆ వణుకు మీద ఇక్కడ ఎంతో రాశారు. నా పుస్తకమూ దాని గురించే, ఆరేళ్ళ పని. తప్పు చేసిన చెయ్యి తన తప్పును తెలుసుకున్న క్షణం అని రాశాను. ఫిల్ము పాడైపోయి కింద కుడి మూల ఒక నల్లటి మరక పడింది, దాన్ని ఇక్కడి ఫిల్ము లాబ్‌లో శుభ్రం చేయించబోతున్నాం.

జూలైలో ఆయన సినిమాలు సింగపూర్‌లో వేస్తున్నాం. ఆ ముక్క కూడా. దాని కింద ముత్తాత పేరు వెయ్యొచ్చా అని అడుగుదామనుకున్నాను. కానీ నీ ఇష్టం అన్నావు. నువ్వు నీ ఇష్టం అంటే వద్దనే కదా, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. సరే, వెయ్యను.

శాంతిని


సెంబవాంగ్,
20 జూలై 2025

శాంతినికి,

ఇవాళ ఆశీస్సులు రాయడానికి చెయ్యి రాలేదు.

అమ్మ మందుల కోసం పాయా లేబర్ వెళ్ళాను. మాల్‌లో ఎస్కలేటర్ పక్కన నిలువెత్తు పోస్టరు ఉంది. మా తాత. అడుగున మూడు భాషల్లో రాశారు. నాకు ఇంగ్లీషూ తమిళమూ చదవడం వచ్చు. "పేరు తెలియని కూలీ".

పేరు ఎవరికి తెలియదు? నీకు తెలియదా? ఏ వంశంలో పుట్టావో, ఎవరి చేతి ముద్దలు తిన్నావో తెలియదా? అక్కడ నిలబడిపోయాను. వెనక ఒక కుర్రాడు "ఆంటీ, సెల్ఫీ తీసుకుంటారా, నేను తీసిపెట్టనా?" అన్నాడు. మంచి పిల్లాడే.

పేరు వెయ్యొద్దని నేను ఎక్కడ రాశాను? అమ్మకి తెలియనివ్వకు అన్నాను. రెండూ ఒకటేనా? ఆరేళ్ళుగా ఒక జపానాయన చెయ్యి ఎందుకు వణికిందో చదువుతున్న దానివి, మీ అత్త రాసిన రెండు లైన్లు చదవలేకపోయావు.

ఇంకొకటి. నువ్వు సింగపూర్ వచ్చి వారమైందని జొహోర్ నుంచి మీ నాన్న ఫోన్ చేసి చెబితే తెలిసింది. పాయా లేబర్‌లో హోటల్లో ఉన్నావట. సెంబవాంగ్‌లో నీకు గది ఉంది. నువ్వు చదువుకున్న బల్ల కూడా అలాగే ఉంది. మా అన్నయ్య విఘ్నేశ్వరన్‌కి చెల్లెలి ఇల్లు హోటలు కన్నా దూరమెప్పుడైందో అడిగాను. "అది పెద్దపిల్ల, వదిలెయ్" అన్నాడు. వదిలేశాను.

సూర్యకుమారి


పాయా లేబర్,
23 జూలై 2025

సూర్యకుమారి గారికి,

నమస్కారం.

నానమ్మకి తెలియకూడదని షరతు పెట్టింది మీరు. ఆ ఇంట్లో ఉండి, రోజూ ఆవిడ పక్కన కూర్చుని మీగోరెంగ్ నూడుల్స్ తింటూ, "ఏటే, ఈసారి ఏ పని మీద వచ్చినావు?" అంటే అబద్ధం చెప్పమంటారా? నాకు రాదు. అందుకే హోటల్లో ఉన్నాను. దానికీ నాదే తప్పు.

పేరు వెయ్యలేదని కోపం. వేస్తే ఆ పేరు ఎవరు ఇచ్చారని, ఎవరినడిగి ఇచ్చావని కోపం వచ్చేది. ఏం చేసినా నాకు మీ దగ్గర పాస్ మార్కులు రావు.

అయినా చేశాను. రాత్రికి రాత్రి పోస్టర్ల మీద పేరు మార్పించాను. హాలు ముందు ఆయన బొమ్మ పెద్దది పెట్టించి యర్రయ్య అని తెలుగులో కూడా రాయించాను. మల్లెపూల దండ వేశాం. దీపం పెట్టాం. మొదటిరోజు వచ్చినవాళ్ళు ఆ దీపం ముందు తల వంచి లోపలికి వెళ్ళారు, జపాను నుంచి వచ్చిన పెద్దవాళ్ళతో సహా. ఇక మీకు తృప్తేనా?

శాంతిని


సెంబవాంగ్,
27 జూలై 2025

శాంతినికి,

గారు అన్నావు. సరే.

ఇవాళ సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ళకి దణ్ణం పెట్టుకుని, అక్కడి నుంచి బస్సులో నీ హాలుకి వచ్చాను. నువ్వు లోపలెక్కడో మీటింగ్‌లో ఉన్నావన్నారు. పిలవొద్దన్నాను.

ఫొటోకి దండ. ముందు దీపం. శాంతినీ, మా తాత పోయాడని నీకు ఎవరు చెప్పారు? అమ్మమ్మ బొట్టు తియ్యలేదే. అమ్మ ఏటా బతికున్నవాళ్ళ వరుసలో కంచం పెడుతోందే. మీ నాన్న ఏనాడూ ఆ పేరు చెప్పి నువ్వులు నీళ్ళు వదల్లేదే. ముఖం తెలియని మనిషికి, పోయిన రోజు తెలియని మనిషికి పిండం ఎలా పెట్టను అని అమ్మ ఇన్నేళ్ళూ ఆగింది. నువ్వు పూలకొట్టు నుంచి ఒక దండ తెప్పించి ఒక్క పూటలో ఆయన్ని చంపేశావు.

నేను దండ తీసేశాను. సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఆంటీ, ముట్టుకోకూడదు. ఎగ్జిబిట్."

"ఆయన మా తాత నాయనా."

"ఓ... అయినా దండ ఇక్కడే పెట్టి వెళ్ళండి ఆంటీ, మేనేజర్ నన్నే అంటాడు."

దండ అతని చేతికిచ్చాను. గొంతు పెంచలేదు, నాకు అలవాటు లేదు. దీపం ఆర్పడానికి మాత్రం చేతులు రాలేదు. దీపం ఏం పాపం చేసింది.

వచ్చినందుకు మీ మహానుభావుడి సినిమా కూడా చూశాను. కూతుర్ని అత్తవారింటికి పంపుతుంది తల్లి. పిల్ల వెళ్ళిపోతుంది, వీపు కనిపిస్తుంది, తర్వాత దారి కనిపిస్తుంది. ఆ ఖాళీ దారిని ఎంతసేపు చూపించాడంటే, విష్ణు సహస్రనామం సగం దాకా వచ్చాను. పక్కన కూర్చున్న చైనీస్ ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. నాకు కన్నీళ్ళు రాలేదు. పిల్ల తిరిగి చూసి ఉంటే వచ్చేవేమో. వెళ్ళేవాళ్ళు తిరిగి చూస్తారు శాంతినీ. చూడనివ్వనిది ఆయన.

బల్ల మీద ఉన్న నీ పుస్తకాలు సంచిలో కట్టి ఉంచాను. మనిషిని పంపి తీసుకెళ్ళు.

సూర్యకుమారి


పాయా లేబర్,
31 జూలై 2025

అత్తా,

రేపు టోక్యో వెళ్ళిపోతున్నాను. ప్రదర్శన ఇంకో పది రోజులు నడుస్తుంది, దానికి నేనక్కర్లేదు. పుస్తకాలు ఉంచుకో, పారెయ్యి, నీ ఇష్టం. నేను నీ ఇష్టం అంటే నీ ఇష్టమనే.

దండ నా తప్పు. ఆ కంచం గుర్తుండాల్సింది. దాని గురించి ఇంక ఏం అన్నా పడతాను.

కానీ ఒకటి అడుగుతాను. ఆ పట్టాల కోసం వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళు ఎంతమందో. వాళ్ళ ముఖాలు ఏవి? మన ఇంట్లో ఏముంది? ఒక కంచం ఉంది. ముత్తాత ముఖాన్ని దాచింది ఎవరు? కనిపిస్తే కాల్చేస్తారని, పట్టుకుంటే చంపుతారని తెలిసి కోటులో కుట్టుకుని తెచ్చింది మినోబె. దుర్మార్గుడే అనుకో. ఆ దుర్మార్గుడు దాచిపెట్టిన ముఖాన్ని నువ్వు చూశావు. నేను చూశాను. ఊరంతా టికెట్టు కొనుక్కుని చూస్తోంది. చూడనిది ఆయన కన్నకూతురు ఒక్కతే. సెంబవాంగ్‌లో, మంచం మీద, నువ్వు గొంతు తగ్గించి మాట్లాడితే ఏమైందా అని చెవులు రిక్కించి.

తండ్రి ముఖం చూడకుండా ఆవిణ్ణి ఆపుతున్నది ఇప్పుడు జపానువాళ్ళు కాదు అత్తా.

శాంతిని


సెంబవాంగ్,
12 ఆగస్టు 2025

శాంతినికి,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టుకున్నాను. మళ్ళీ చదివి ఇంకా తిట్టుకున్నాను. ఎన్నిసార్లు చదివానో, చివరికి అమ్మ మంచం మీద నుంచి కేకేసింది. "ఏటే ఆ కాయితం, దేవుడి పుస్తకంలాగ పట్టుకుని ఒగ్గనంతన్నావు?"

చెప్పేశాను. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. "ఇన్నాళ్ళు ఎందుకు దాసినావే" అని ఒక్కటే అంది. తర్వాత ట్రంకులోంచి జరీ చీర తియ్యమంది.

మొన్న ఆదివారం, ఆఖరి ఆట. టాక్సీలో తీసుకెళ్ళాను. చక్రాల కుర్చీ చూసి ఆ సెక్యూరిటీ ఆయనే తలుపు తీశాడు. నన్ను గుర్తుపట్టి, "ఆంటీ, ఇవాళ దండ లేదు, నేనే తీసేశాను" అన్నాడు. దీపం లేదు. బొమ్మ కింద పేరు ఉంది. అమ్మ పోస్టరు వంక చూడలేదు. "కదిలేది సూపించు, ఇది కాదు" అంది.

మొదటి వరుస పక్కన కుర్చీ పెట్టించాను. దీపాలు ఆర్పారు. మగవాళ్ళు వరుసగా రైలుపెట్టెలోకి ఎక్కుతున్నారు. వీపు మీద తప్పెటతో ఆయన వచ్చాడు. తిరిగాడు.

"మా నాన్న ఇంత కుర్రోడా?" అంది అమ్మ.

మీ నాన్న కన్నా, నీ కన్నా చిన్నవాడిలా ఉన్నాడు శాంతినీ. నువ్వు రాసినట్టే బొమ్మ అదిరింది. అదిరే ముందు కింది మూల ఆ నల్లటి మరక లేచింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది నా కాలు."

హాల్లో అందరూ మా వైపు చూశారు. అమ్మకేం పట్టింది? మామూలుగానే మాట్లాడింది, ఇంట్లో మాట్లాడినట్టు.

"మా యమ్మ సెప్పేది. కంటికి డబ్బా ఎట్టుకుని ఒకడు దారికి అడ్డంగా నిలబడ్డాడట. ఆడి ఎనకాల ఉండిపోతే మీ నాన్నకి మనం అగపడం అని, ఆడి బుజం పక్కనించి నిన్ను ఎత్తి సూపించినాను అనేది. నేను ఆడి మోచేతి మీద ఒక్క తన్ను తన్నినానట. ఆడు ఉరిమి సూసినాడట. మీ నాన్న అది సూసి నవ్వినాడు, నవ్వుతానే ఎక్కేసినాడు అనేది."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"తన్నడం కూడా ఒక కబురేటి? అందరి పిల్లలూ తంతారు."

దాని తర్వాత ఒక పెద్ద సినిమా ఉంది. అది అయ్యేదాకా కూర్చుని, వెళ్ళి అడిగితే ఆ సెక్యూరిటీ ఆయన లోపల ఎవరితోనో మాట్లాడి ఆ ముక్క మాకోసం ఇంకోసారి వేయించాడు. హాలు ఖాళీగా ఉంది. అమ్మ చెప్పినట్టే ఉంది. తిరుగుతాడు, వెతుకుతాడు, ఆ మూల కాలు లేస్తుంది, బొమ్మ అదురుతుంది, అదిరి ఆగేసరికి ఆయన ముఖంలో నవ్వు మొదలవుతుంది. అంతటితో ముక్క అయిపోతుంది.

ఆయన మీ మినోబె వైపు చూడలేదు. ఆ మనిషి అక్కడున్నాడని కూడా ఆయనకి పట్టలేదు. పెళ్ళాం కోసం, పిల్ల కోసం చూశాడు. మీ మినోబె తనని చూశాడనుకుని ముప్ఫై ఏళ్ళు ఎవరినీ వెనక్కి తిరగనివ్వలేదు. చెయ్యి వణకడమేమిటి, మీ నానమ్మ తన్నింది.

ఇది రాస్తుంటే నాకు సంతోషంగా ఉంది. మంచి సంతోషం కాదు, తెలుసు. రేపు గుళ్ళో చెప్పుకుంటాను.

నీ మీద కోపం పోలేదు. ఆఖరి ఉత్తరంలో నువ్వు రాసింది నిజమే కావచ్చు, రాసిన తీరు మాత్రం మర్చిపోను. ఒక్క సంగతికే ఇదంతా రాశాను. ఆ మరక శుభ్రం చెయ్యనివ్వకు.

సూర్యకుమారి


టోక్యో,
26 ఆగస్టు 2025

అత్తా,

ఆపించాను. ఒక్క రోజు ఆలస్యమైతే తుడిచేసేవాళ్ళు.

మొదట నేను నమ్మలేదు. నానమ్మ ఎవరో చెప్పిన మాట చెబుతోంది, రెండేళ్ళ పిల్లకి ఏం తెలుసు అనుకున్నాను. కోపం కూడా వచ్చింది, ఆరేళ్ళ పని ఒక్క తన్నుకి పోయిందని. తర్వాత ఆ మరకని ఎంత పెద్దది చెయ్యొచ్చో అంతా చేసి చూశాను. వేళ్ళు ఉన్నాయి. చీలమండకి ఏదో తాడు కట్టి ఉంది. లాబ్‌లో అందరికీ చూపించాను. తర్వాత ఒక పెద్దాయన, మినోబె దగ్గర పనిచేసినవాడు, నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేకపోయాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. "పాపం సెన్సేకి, మా గురువుగారికి, ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది" అన్నాడు.

నాకూ అదే అనిపించింది. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

ఆ అధ్యాయం మొత్తం కొట్టేశాను. మళ్ళీ రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు.

నానమ్మ ఎలా ఉంది? అమావాస్యకి రావచ్చా? రావొద్దంటే రాను.

శాంతిని


సెంబవాంగ్,
7 సెప్టెంబరు 2025

చిరంజీవి శాంతినికి,

ఎర్ర పెన్నుతో దిద్ది నీ ఉత్తరాలన్నీ ఇందులో పెట్టాను. వత్తులు ఇంకా తప్పులే. చీలమండ సరిగ్గా రాశావు, ఆశ్చర్యం.

ఆ తాడు దిష్టి తాడు. పిల్లలకి ఎడమ కాలికి కట్టేవాళ్ళు. నువ్వు రాసినట్టు ‘ఏదో తాడు’ కాదు, రాసి పెట్టుకో.

ఇరవై ఒకటిన అమావాస్య, ఆదివారం. మీ నాన్న ముందురోజే వస్తాడు. తాతకి మొదటిసారి నువ్వులు నీళ్ళు వదులుతాడు. కూతురి కొడుకు వదలొచ్చునని పంతులుగారు చెప్పారు. అమ్మే నిర్ణయించింది. "ముఖం సూసినాను. నవ్వుకుంటా ఎల్లినాడు. ఇంక పంపీయండి" అంది. ఆ తర్వాత రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు తింటోంది.

ఆ జపానాయనకి పెళ్ళాం పిల్లలు ఉన్నారా అని అడిగింది. లేరన్నాను. అయితే ఎవరూ లేనివాళ్ళకి పెట్టే ముద్దలో ఆయన పేరు కూడా తలుచుకోమని విఘ్నూకి చెప్పు అంది. "నేను తన్నినోడే కదా" అని నవ్వింది. నేను మీ నాన్నకి చెప్పలేదు. చెప్పను. అమ్మ తనే చెబితే ఆపను.

హోటలు తీసుకోకు. బల్ల మీద పుస్తకాలు మళ్ళీ సర్దాను, దుమ్ము పట్టిపోతున్నాయని.

తాత కంచం ఈసారి అటువైపు ఆకుల వరుసలోకి వెళ్తుంది. ఇటు, బతికున్నవాళ్ళ వరుసలో ఎనభై ఏళ్ళుగా ఆయన కోసం ఉంచిన చోటు ఖాళీ అవుతుంది. అక్కడ నిన్ను కూర్చోబెట్టమని చెప్పింది.

నేను కాదు. అమ్మ.

అత్త